జుట్టు ఇవ్వనన్న వెంగమ్మ

1740 మే నెలలో దామలచెరువు కనుమ దగ్గర మరాఠా సేనాని రఘోజీ భోంస్లే దళాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మీద విరుచుకుపడ్డాయి. నవాబు అక్కడే నేలకొరిగాడు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు చిత్తూరు సీమకు కుదురు లేదు. కడప నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు వంతులు వేసుకున్నట్టు వచ్చిపోయారు. హైదర్ కన్నుమూసింది కూడా చిత్తూరు పక్కనున్న నరసింగరాయనిపేట శిబిరంలోనే, 1782 డిసెంబరులో. గుర్రంకొండ కోట 1792లో నైజాం చేతికి, 1800లో కుంఫిణీ చేతికి పోయింది. పంట చేతికొస్తే ఎవరి గుర్రాలు మేస్తాయో, శిస్తు ఎవరికి కట్టాలో రైతుకు తెలియని కాలం.

గుర్రంకొండకు చేరువలోనే వాయల్పాటి వైపు తరిగొండ అనే ఊరుంది. లక్ష్మీనరసింహస్వామి గుడి ఆ ఊరికి పెద్ద దిక్కు. కానాల కృష్ణయ్య, మంగమాంబ అనే నందవరీక బ్రాహ్మణ దంపతులకు 1730 ప్రాంతంలో ఆ ఊళ్లో ఒక ఆడపిల్ల పుట్టింది. వెంగమ్మ అని పిలుచుకున్నారు. తర్వాత లోకానికి వెంగమాంబ అయింది. దామలచెరువు యుద్ధం నాటికి ఆ పిల్లకు పదేళ్లుంటాయేమో. అయితే ఆమె జీవితాన్ని తలకిందులు చేసింది ఏ నవాబూ కాదు. ఇంజేటి వెంకటాచలపతి అనే అబ్బాయికిచ్చి చిన్నతనంలోనే పెళ్లి చేశారు. కాపురం మొదలుకాకముందే అతను పోయాడు.

ఆ కాలపు బ్రాహ్మణ ఇళ్లలో దీని తర్వాత ఏం జరగాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. గాజులు పగలగొడతారు, బొట్టు చెరుపుతారు. పిల్ల ఈడేరాక మంగలిని పిలిపించి తల గొరిగిస్తారు. ముతక బట్ట, ఒంటిపూట తిండి, పొద్దున్నే ఎదురుపడితే అపశకునం. భర్త ముఖం సరిగ్గా గుర్తులేని పిల్లకైనా ఇదే విధి. జుట్టు ఉంచుకున్న విధవను సకేశి అనేవారు. ఆ మాటలోనే ఒక ఈసడింపు ఉండేది.

వెంగమ్మ ఒప్పుకోలేదు.

ఆమె ఎలా కాదన్నదీ గమనించాలి. విధవకు తల గొరిగించడం తప్పని ఆమె వాదించినట్టు ఏ కథా చెప్పదు. తాను విధవను కానన్నది ఆమె వాదన. తన భర్త వేంకటేశ్వరుడనీ, ఆయనకు చావు లేదు కాబట్టి తనకు వైధవ్యమూ లేదనీ అన్నది. బొట్టు, గాజులు, పూలు అన్నీ ఉంచుకున్నది. శాస్త్రం విధవ గురించి ఏం చెప్పినా చెప్పనీ, ఆ శాస్త్రమే సుమంగళికి ఇచ్చిన హక్కులు తనవని నిలబడింది. ఊరి పెద్దలకు ఇక్కడే ఇరకాటం వచ్చింది. దేవుడు నీ మొగుడెలా అవుతాడని గట్టిగా అడుగుదామంటే, ఆండాళ్ కథ అడ్డం వస్తుంది. రంగనాథుణ్ణే పెళ్లాడిందని చెప్పుకునే ఆండాళ్‌ను వైష్ణవ లోకమంతా కొలుస్తుంది. ఆమె ఊరు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఈనాటికీ తిరుమల బ్రహ్మోత్సవాల గరుడసేవకు పూలమాల వస్తుంది. రాజస్థాన్‌లో మీరా, కన్నడ దేశంలో అక్కమహాదేవి కూడా దేవుణ్ణే భర్త అన్నవాళ్లు. అయితే ఆండాళ్ పెళ్లికాని పిల్ల. వెంగమ్మకు పెళ్లయింది, మొగుడు పోయాడు. ఊరంతా చూసిన చావును లేదనడానికి కావలసిన తెగువ వేరు.

పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు ఊరివాళ్లు ఫిర్యాదు చేశారని, ఆయన ఆమెను పిలిపించారని సంప్రదాయ కథ. స్వామికి మొక్కమంటే, ముందు ఆసనం దిగమని ఆమె కోరిందట. దిగాక ఆ ఖాళీ ఆసనానికి నమస్కరిస్తే అది భగ్గున మండిపోయిందట. ఆసనం మండిందో లేదో తేల్చడం చరిత్రకారుడి పని కాదు. ఊళ్లో పెళ్లి, తద్దినం, వెలి అన్నీ పీఠం మాట మీద నడిచే రోజుల్లో ఒక పడుచు విధవ పీఠాధిపతి ఎదుట నిలబడి బదులు చెప్పిందన్న జ్ఞాపకం రెండున్నర శతాబ్దాలు చెరిగిపోకుండా నిలవడమే ఈ కథలో విశేషం.

చదువు సంగతిలోనూ ఇలాంటి చిక్కుముడి ఒకటుంది. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యకవి ఆమెకు గురువని చెబుతారు. ఆమె మాత్రం తన కావ్యం పీఠికలో, చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలైనా దిద్దలేదనీ, ఛందస్సు నేర్వలేదనీ, తరిగొండ నరసింహుడే తనచేత పలికిస్తున్నాడనీ చెప్పుకున్నది. రెండూ నిజమెలా అవుతాయి? మొల్ల తనకు పాండిత్యం లేదన్నది, పోతన పలికించేవాడు రాముడన్నాడు. భక్తకవులకు అది వాడుకగా వచ్చే వినయం. కాని వెంగమాంబ చేతిలో ఆ వినయం రక్షణ కూడా అయింది. ఆడదానికి వేదాంతమెందుకని అడిగేవాడికి, చెప్పేది నేను కాదు స్వామి అంటే ఇక నోరు పెగలదు. శతకం, యక్షగానాల దగ్గర ఆమె ఆగలేదు. రాజయోగం మీద, అష్టాంగయోగం మీద కలం పట్టింది. అవి ఆ రోజుల్లో ఆడవాళ్ల దరికి రానిచ్చే విషయాలు కావు.

తరిగొండలో ఉండగానే నరసింహ శతకం, నృసింహవిలాస కథ, శివనాటకం, బాలకృష్ణ నాటకం వంటివి రాసిందంటారు. నరసింహుడి ఊరి భక్తురాలు, వేంకటేశ్వరుణ్ణి భర్తగా తలచిన మనిషి శివుడి మీద యక్షగానం కట్టడంలో ఆమెకు ఏ ఎడమా కనబడలేదు.

ఊరు విడిచిన కథ బాధాకరమైనది. నరసింహస్వామి గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనుక ఎవరికీ కనిపించకుండా కూర్చుని ధ్యానం చేసుకునేదట. ఒకరోజు అర్చకుడు చూసి, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడని చెబుతారు. ఏ జుట్టు కోసం ఊరంతటితో పోరాడిందో అదే జుట్టు పట్టుకుని, ఏ దేవుణ్ణి నమ్ముకున్నదో ఆ దేవుడి గుడిలోంచే. ఆ తర్వాత ఆమె తరిగొండలో ఉండలేదు. పీలేరు, భాకరాపేట కనుమ దాటి తిరుపతి చేరాలంటే సుమారు వంద కిలోమీటర్ల దారి. దండులు తిరుగుతున్న రోజుల్లో, వెంట మగదిక్కు లేని ఆడమనిషికి ఆ దారి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

ఆమె చేరిన తిరుమల ఇప్పటి తిరుమల కాదు. ఘాట్ రోడ్డు 1944లో గాని రాలేదు. అలిపిరి మెట్లో, చంద్రగిరి వైపు శ్రీవారి మెట్టో ఎక్కి రావాలి, లేదా డోలీలో రావాలి. చుట్టూ అడవి. ఇక గుడి ఆదాయం మీద పాలకులందరికీ కన్నే. ఆర్కాటు నవాబు కుంఫిణీకి బాకీపడి, దేవస్థానం రాబడిని ఆ బాకీకి తాకట్టుగా చూపించాడు. 1801లో కర్ణాటక రాజ్యమే కుంఫిణీ పరమయ్యాక ఉత్తరార్కాటు కలెక్టరు స్ట్రాటన్ 1803లో గుడి పూజలు, ఖర్చులు, భూములు అన్నీ పట్టికలు వేసి రెవెన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. 1821లో గుడి పాలనకు నియమావళిగా బ్రూస్ కోడ్ వచ్చింది. 1843లో పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతికి, 1933లో దేవస్థానం కమిటీ చేతికి వెళ్లింది. ఆర్తితో వచ్చిన జనం హుండీలో వేసిన ముడుపు ఏ ఖజానాకు చేరాలన్నదే ఆ కాగితాలన్నిటిలో పెద్ద ప్రశ్న. కొండెక్కి వచ్చిన మనిషికి పట్టెడన్నం, గుక్కెడు నీళ్లు ఎవరివ్వాలన్న ప్రశ్న వాటిలో అంత పెద్దది కాదు.

వెంగమాంబ ఆ రెండో ప్రశ్నను పట్టుకున్నది. కాని వెంటనే కాదు.

కొండ మీద మొదట్లో కూడా ఆమెకు సుఖం లేదు. పక్కింటి అర్చకుడొకాయన తిన్న ఎంగిలి విస్తళ్లు ఆమె వాకిట్లోకి విసిరేవాడని ఒక కథ. ఆ పోరు పడలేక పాపవినాశనం దాటి అడవిలో ఉన్న తుంబురుకోనకు వెళ్లి అక్కడ కొన్నేళ్లు తపస్సు చేసిందంటారు. ఫాల్గుణ పౌర్ణమినాడు తుంబురుతీర్థ ముక్కోటికి ఇప్పుడూ వేలమంది ఆ రాళ్లదారిన నడిచి వెళ్తారు. ఒక్క రోజు యాత్రకే కాళ్లు తేలిపోయే చోటది. అక్కడి నుంచి గుడికి సొరంగం ఉండేదనీ, రాత్రిపూట ఆమె ఆ దారిన వచ్చి స్వామిని కొలిచేదనీ జనం చెప్పుకుంటారు. గుడి వాకిళ్లు మామూలు దారిలో అంత సులువుగా తెరుచుకోని మనిషికి జనమే ఒక దారి తవ్వి ఇచ్చారన్నమాట.

తిరిగి వచ్చాక ఆమెకు నిలదొక్కుకునే చోటు దొరికింది. తాళ్లపాక వంశం వారు, హథీరాంజీ మఠం వారు ఆదరించి ఇల్లు ఇచ్చారని ఆమె చరిత్ర చెప్పేవారి మాట. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు అప్పటికి గుడిలోని సంకీర్తన భాండాగారంలో మూతపడి ఉన్నాయి. అవి మళ్లీ వెలుగు చూసింది 1922లో. పాటల ఇంటివారు ద్విపదల ఇల్లాలికి చోటిచ్చారంటే నమ్మాలనిపిస్తుంది.

పెద్ద రచనలన్నీ ఈ కాలానివే. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం, తత్త్వకీర్తనలు. సంస్కృత పురాణాల్లో చెదురుమదురుగా ఉన్న క్షేత్ర కథలను ఒక్కచోట తెచ్చి తెలుగువాళ్లకిచ్చింది వేంకటాచల మాహాత్మ్యం. వకుళమాత పెళ్లిరాయబారం, కుబేరుడి దగ్గర అప్పు చేసి పద్మావతిని పెళ్లాడిన వరుడు, యుగాలు గడిచినా తీరని వడ్డీ. అప్పుల్లో ఉన్న దేవుడంటే అప్పుల్లో ఉన్న రాయలసీమ రైతుకు దగ్గరితనం సహజం. ఆ కథ ఇంటింటా చేరడంలో ఈ కావ్యం వంతు తక్కువది కాదు.

అయితే ఆమె మనసు తెలియాలంటే వాసిష్ఠ రామాయణం దగ్గర కాసేపు ఆగాలి. దీనికి మూలం యోగవాసిష్ఠం. ఆ గ్రంథం దిగులుతో మొదలవుతుంది. పడుచు రాముడు తీర్థయాత్రలు చేసి వచ్చి తిండి మానేసి, మాట మానేసి, ఈ బతుకులో ఏముందని కూలబడతాడు. విశ్వామిత్రుడు యాగరక్షణకు అతణ్ణే అడగడానికి వచ్చిన సమయమది. అప్పుడు వసిష్ఠుడు నోరు విప్పి చెప్పే మొదటి మాటల్లోనే మనిషి ప్రయత్నానికి పెద్దపీట వేస్తాడు. దైవమంటే వేరే ఏమీ కాదు, గతంలో చేసిన ప్రయత్న ఫలితమే, నేటి ప్రయత్నం నిన్నటిదాన్ని గెలవగలదని వాదిస్తాడు. తలరాత అని చేతులు ముడుచుకునేవాణ్ణి ఎగతాళి చేస్తాడు. పది, పన్నెండేళ్లకే నీ తలరాత ఇంతే అని ఊరు తీర్పు చెప్పిన మనిషి ఏరి కోరి ఈ పుస్తకాన్ని, అదీ పండితులకు పనికొచ్చే ప్రౌఢ చంపువులో కాకుండా, ఆడవాళ్లు దంపుడు దగ్గర పాడుకోగల ద్విపదలో తెలుగు చేసింది. దేవుణ్ణి నమ్మడమంటే నుదుటిరాతకు లొంగడం కాదని ఆమె ఎక్కడా ఉపన్యాసమివ్వలేదు. ఎంచుకున్న పుస్తకం ఆ పని చేసింది.

అదే శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనము రాసింది. ఆ పుస్తకాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఒకే కాలంలో తెలుగులో రాసిన ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు కొలువులో, ఒకరు కొండ మీద. ఇద్దరిలో ఎవరూ ఇల్లాలి గడప లోపల ఉండి రాయలేదన్నది ఆలోచించదగ్గ సంగతి.

ఇక అన్నం మాట. వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. రాయలసీమలో ఎండ నిప్పులు చెరిగే రోజులు. తరిగొండ నరసింహుడి పేరున ఆ రోజుల్లో వెంగమాంబ కొండ మీద అన్నదానం, చలివేంద్రం నడిపేది. మెట్లెక్కి సొమ్మసిల్లి వచ్చేవాళ్లకు ముందు కావలసింది నీళ్లే అని ఆ దారిన నడిచి వచ్చిన మనిషికి ఒకరు చెప్పాలా? ఈ ఖర్చుకు దూరప్రాంతాల దాతలు సొమ్ము రాసిచ్చిన పత్రాలు పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పుట్టాయి. అంటే ఒకప్పుడు గుడిలోంచి ఈడ్చివేసిన ఆడమనిషి చేతికి జమీందార్లు నమ్మి డబ్బు అప్పగించారు. ఆసనం మండిన కథ కన్నా ఇది పెద్ద అద్భుతం.

1985 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా దేవస్థానం నిత్యాన్నదాన పథకం మొదలుపెట్టినప్పుడు రోజుకు రెండువేల మందికి భోజనం పెట్టేవారు. 2011 జులైలో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన కొత్త భవనంలో ఒక్కొక్క దానిలో వెయ్యిమంది కూర్చునే నాలుగు హాళ్లు ఉన్నాయి. దానికి పెట్టిన పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. సాంబారు కోసం రెండోసారి చెయ్యి చాచే యాత్రికుల్లో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు కొందరే. 2009లో మీనా నటించిన సినిమా వచ్చాక కొంచెం పెరిగారు.

గుడి లోపల ఆమె పేరు వినిపించేది రాత్రి చివరి సేవలో. ఏకాంతసేవలో పల్లవ రాణి సామవై సమర్పించిన వెండి విగ్రహం భోగశ్రీనివాసుణ్ణి పట్టెమంచం మీద పడుకోబెడతారు. తాళ్లపాక వారి లాలి పాడతారు. పళ్లెంలో ముత్యాలుంచి ఇచ్చే హారతికి తరిగొండ వారి ముత్యాల హారతి అని పేరు. బ్రహ్మోత్సవాల్లో రథం ఆమె ఇంటి ముందు ఆగిపోయిందనీ, ఆమె వచ్చి హారతి ఇస్తే గాని కదల్లేదనీ, అప్పటి నుంచి ఆమె హారతికి మర్యాద దక్కిందనీ కథ చెబుతారు. రథం కదలకపోవడానికి కారణమేదైనా, పెత్తందార్లు మనసు మార్చుకోవడానికి ఒక కథ కావలసి వచ్చిందని మాత్రం తెలుస్తుంది.

తిరుమలలో తలనీలాల సంగతి కూడా ఇక్కడ గుర్తుకు రాక మానదు. జ్వరం తగ్గితే, కోర్టులో గెలిస్తే, బిడ్డ పుడితే జుట్టు ఇస్తామని మొక్కుకుని ఆడా మగా కళ్యాణకట్టకు వెళ్తారు. గుండుతో బయటికొచ్చిన ఇల్లాలి ముఖంలో సిగ్గు ఉండదు, మొక్కు తీరిన తేలికదనం ఉంటుంది. అక్కడ జుట్టును మనిషి తానే ఇస్తుంది. తరిగొండలో వెంగమ్మ దగ్గర లాక్కోవాలని చూశారు. కత్తి ఒకటే, పని ఒకటే, అయినా ఒకటి భక్తి, మరొకటి శిక్ష. జుట్టు ఉంచుకునీ ఆమె ఆ స్వామికే అంకితమైంది.

శ్రావణ శుద్ధ నవమినాడు, 1817లో, ఎనభై దాటిన వయసులో ఆమె వెళ్లిపోయింది. సమాధి ఉత్తర మాడవీధి వైపున, ఇప్పటి దేవస్థానం బడి ఆవరణలో ఉంది. బృందావనం అంటారు.

ఆమె తెగువ వల్ల తక్కిన విధవలకు ఏం ఒరిగింది? నిజం చెప్పాలంటే, పెద్దగా ఏమీ లేదు. వెంగమాంబ మహాయోగిని కాబట్టి ఆమెకు చెల్లింది, మామూలు ఆడదానికి చెల్లదని సర్దిచెప్పుకోవడం సమాజానికి తేలిక. ఆమెను గుడిలోకి తీసుకున్నారు, ఆమె అడిగిన ప్రశ్నను వాకిట్లోనే నిలబెట్టారు. చిత్తూరు సీమ అగ్రహారాల్లో మంగలి కత్తి ఆ తర్వాత కూడా చాలాకాలం ఆగలేదు. విధవా వివాహ చట్టం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. వెంగమాంబ పోయి అప్పటికి అరవై నాలుగేళ్లు. విశేషమేమిటంటే ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు గాని, ఆయన బాటలో నడిచిన వీరేశలింగం గాని శాస్త్రాన్ని పక్కకు నెట్టి వాదించలేదు. పరాశర స్మృతిని తెరిచి, శాస్త్రమే ఒప్పుకుంటోంది చూడండని పండితుల ముందు పెట్టారు. రాజమహేంద్రవరం పండితులతో ఆ వాదం ఏళ్ల తరబడి నడిచింది. తరిగొండ పిల్ల మాత్రం ఏ స్మృతినీ తెరవలేదు, నా మొగుడు బతికే ఉన్నాడు అన్నది.